జగ్గమ్మ కుట్టిన పట్టీల్లేని బాడీ

బరంపురం పెద్దబజారు వెనక సందులో జగ్గమ్మ నలభై ఏళ్లుగా ఆడవాళ్లకి బాడీలు కుడుతోంది. జాకెట్లు మాత్రం కుట్టదు. జాకెట్టు ఊరంతా చూసేది కాబట్టి వంకలు పెట్టేవాళ్లు ఎక్కువని చెబుతుంది. అసలు సంగతి, ఆవిడకి చేతులు అతకడం రాదు.

పెళ్లిజాకెట్లు కుట్టే దర్జీల దగ్గర మిగిలిపోయిన బ్రొకేడ్ ముక్కలే ఆవిడ సరుకు. జరీపువ్వులు దట్టంగా నేసిన గుడ్డ అది. అట్టలా నిలబడుతుంది, సాగదు. గోపాల్‌పూర్ నుంచి చేపలతట్టలు మోసుకొచ్చే ఆడవాళ్లకి నూలుబాడీ మూణ్ణెల్లు ఆగదు, జగ్గమ్మ బాడీ ఏళ్లతరబడి ఆగుతుంది. అందుకని వాళ్లంతా నీచువాసన జాకెట్ల కింద పెళ్లికూతుళ్ల బంగారుపువ్వులు తొడుక్కుని తిరుగుతుంటారు.

వాళ్లలో ఒకతె గురువమ్మ. ఒకరోజు కూతురు అమ్ములుని వెంటబెట్టుకుని వచ్చింది. ఎనిమిది రోజుల్లో అమ్ములు పెళ్లి, పెళ్లినాటి సాయంత్రమే రిసెప్షన్. అమ్ములు ఫోనులో బొమ్మ చూపించింది. నడుము దాకా బిగుతుగా, బద్దలు పెట్టి నిలబెట్టిన బ్రొకేడ్ బాడీ. దానిమీద దోమతెరలాంటి చీర.

"దీనికి బుజాల మీద పట్టీలేవే?" అంది జగ్గమ్మ.

"ఉండవు మామ్మా."

"మరి దేన్ని పట్టుకుని ఏలాడతాదే?"

"అది నువ్వే సూడాల."

గురువమ్మ నవ్వింది. "రాదంటే సెప్పీ అప్పా. భువనేశ్వర్‌లో కొనుక్కుంటాది."

జగ్గమ్మకి ఎక్కడో కాలింది. "నాను కుట్టిన బాడీ ఇంతవరకు ఒక్కర్తికి జారనేదు. నీ కూతురికి జారితే, ఈ మిషను నీ సేత్తోనే సముద్రంలో గిరాటెయ్యి."

అమ్ములు తెచ్చిన ఎర్ర బ్రొకేడ్ మీటరున్నర. కొట్లో అదే ఆఖరి ముక్కట. అంతవరకు బాగానే ఉంది. కానీ ఊరంతా చూసే బాడీ అనేసరికి ఆవిడకి కొత్తగా అందచందాల మీద మనసు పోయింది. రెండువైపుల పువ్వులూ మధ్యకి వాలితే ఎంత బాగుంటుందో అనుకుని, గుడ్డని ఏటవాలుగా కోసింది. బట్టల మూటలకి బిగించే ప్లాస్టిక్ బద్దీలు కత్తిరించి లోపల నిలువునా పెట్టింది.

నాలుగో రోజు అమ్ములు తొడిగి చూసింది. అద్దంలో మెరిసిపోయింది. "గెంతు," అంది జగ్గమ్మ. గెంతింది. బాడీ నాలుగువేళ్లు కిందికి దిగింది.

"నువ్వు ఊపిరి ఎక్కువ పీల్సీసినావు," అని జగ్గమ్మ గదమాయించింది.

వాళ్లు వెళ్లాక ఆ గుడ్డని నిలువుగా లాగింది. సాగలేదు. ఏటవాలుగా లాగితే రబ్బరులా సాగింది. ఏటవాలుగా కోస్తే ఏ గుడ్డైనా సాగుతుందన్న మాట ఆవిడ నలభై ఏళ్లుగా కనబడ్డ వాళ్లందరికీ చెబుతూనే ఉంది.

మిగిలిన గుడ్డ నిలువుగా కోస్తే బొటాబొటిగా సరిపోతుంది. కాకపోతే కొన్ని పువ్వులు పడుకుంటాయి, రెండు తలకిందులవుతాయి. ఆరోజంతా కత్తెర ముట్టుకోలేదు. మర్నాడు గురువమ్మ గుమ్మంలో ఆగింది. ఒక పక్కకి వంగి, ఇంకా ఖాళీ కాని చేపలతట్టని నడుం మీద ఆనించి, చెయ్యి వదిలేసి, పావుగంట కబుర్లు చెప్పింది. తట్ట కదల్లేదు. జగ్గమ్మ కబుర్లు వినలేదు, తట్టనే చూసింది.

గురువమ్మ వెళ్లగానే కత్తెర తీసి, మిగిలిన గుడ్డని నిలువుగా కోసింది. బాడీని తుంటి ఎముక దాకా దించింది. పాతపట్టుచీర అంచు చీల్చి, లోపల నడుం చుట్టూ బిగించే పట్టీ కుట్టింది. బరువంతా ఇక నడుందే.

మళ్లీ అమ్ములు తొడిగింది. జగ్గమ్మ గెంతించింది, బిందె ఎత్తించింది, ఒడియా పాట పెట్టి ఆడించింది. చివరికి "తుమ్ము," అంది.

"తుమ్ము ఎక్కడ్నుంచి తెమ్మంతావు మామ్మా?"

జగ్గమ్మ కారం డబ్బా మూత తీసి ముక్కు కింద పెట్టింది. ఏడు తుమ్ములు. బాడీ వెంట్రుకవాసి కదల్లేదు. కళ్లు తుడుచుకుంటూ అమ్ములు అద్దం దగ్గరికెళ్లింది.

"మామ్మా, ఈ పువ్వులు తల్లకిందులుగున్నాయేటి?"

జగ్గమ్మ దారం కొరికి ఉమ్మింది. "మొదట నానే తప్పు కోసీసినాను. ఇంక గుడ్డ నేదు. నీకు నచ్చకపోతే భువనేశ్వర్ ఎల్లు."

అమ్ములు ఒకసారి పువ్వుల వంక చూసింది. రెండు చేతులూ పైకెత్తి ఇంకోసారి గెంతింది. "పువ్వుల్ని ఎవరు సూత్తారు? జారితే అందరూ సూత్తారు."

రిసెప్షన్‌లో జగ్గమ్మ ముందువరస కుర్చీలో కూర్చుని పెళ్లికూతురి గుండెల మీదనుంచి చూపు తిప్పలేదు. పెళ్లికొడుకు మేనత్త ఇబ్బందిపడి, "ఎవులా ముసిల్ది, అలగ సూత్తంది?" అని గురువమ్మని అడిగింది కూడా. మూడు గంటలు నిలబడ్డాక అమ్ములుని స్నేహితురాళ్లు పాటలోకి లాగారు. ఆడింది, వంగింది, గిర్రున తిరిగింది. బాడీ ఉన్నచోటే ఉంది.

పాట అయిపోయాక జగ్గమ్మ కుర్చీలోంచి లేచి, వడ్డించేవాళ్ల దగ్గరికెళ్లి చేపలకూర ఇంకా ఉందా అని అడిగింది.