కాంటా మీద ఇద్దరు కోడళ్ళు

ఆ రోజుల్లో మనిషి బరువు మనిషికే తెలిసేది కాదు. కాస్త నిండుగా కనిపిస్తే "ఒళ్ళు చేసినవ్" అనేవారు, మొహం లాగేస్తే "చిక్కినవ్" అనేవారు, అంతటితో సరి. అయితే మహబూబాబాద్ బజారులో బెల్లం, పప్పుల టోకు దుకాణం వాళ్ళింటి కోడలై, సమ్మక్కకు నిలువెత్తు బంగారం మొక్కుకున్న మనిషి సంగతి వేరు. (బంగారమంటే బెల్లమే, అమ్మకు ఇచ్చే బెల్లాన్ని మా వైపు ఆ పేరుతోనే పిలుస్తాం.) అలాంటి మనిషిని దుకాణం ముందు కాంటాలో కూర్చోబెట్టి, అవతలి తట్టలో బెల్లం ముద్దలు వేసి తూస్తారు. బజారంతా చూస్తుంది.

అరవై తొమ్మిది నాటి తెలంగాణ కొట్లాటలు సద్దుమణిగిన ఏళ్ళవి. మా ఆయనకు టైఫాయిడ్ వచ్చి దవాఖానలో పడుకుంటే, ఆయన లేచి తిరిగితే నా ఎత్తు బంగారం ఇస్తానని మొక్కుకున్నాను. ఆయన లేచారు. జాతర రెండేళ్ళకొకసారి కదా, అప్పటికింకా చాలా కాలముంది. ఈలోగా ఆయనకు బలం రావాలని మా అత్త చేసిపెట్టిన నేతి వంటలన్నీ పక్కన కూర్చుని నేనూ తిన్నాను. ఆయన సన్నగానే మిగిలారు. బలమంతా నాకొచ్చింది.

సరిగ్గా అప్పుడే మరిపెడ నుంచి మా మరిది భార్య, నా యారాలు, కాపురానికొచ్చింది. సన్నని పిల్ల. చీర కడితే కుచ్చిళ్ళు ఇంకా మిగిలేవి. మా భజన మండలిలో ఆమె తాళం వేస్తుంటే నేను కళ్ళు మూసుకుని కీర్తన పాడుతూ, మధ్యమధ్య ఒక కన్ను తెరిచి ఆమె నడుము చూసేదాన్ని. ఆ పిల్ల కూడా సంతానం కోసం బంగారం మొక్కింది. మా అత్త మురిసిపోయి, "ఇద్దరు కోడండ్లను ఒక్కనాడే తూయిస్త. బజారంత సూడాలె" అంది. అమ్మవారు, మొక్కు, మా ఆయన ప్రాణం అన్నీ పక్కకు పోయాయి. ఒక్కటే పట్టుదల మిగిలింది: ఆ కాంటా మీద నేను ఆమె కంటే తక్కువ తూగాలి.

భక్తురాలిని కదా, ఉపాయం కూడా భక్తిలోనే వెతికాను. శనివారం, ఏకాదశి ఉండే ఒక్కపొద్దులకు సోమవారం, గురువారం కూడా కలిపాను. చిక్కేమిటంటే మా ఇంట్లో ఒక్కపొద్దు ఉన్నవాళ్ళంటే మహా గౌరవం. సాయంత్రం కాగానే మా అత్త, "పొద్దంత ఉత్త కడుపుతోని ఉన్నది బిడ్డ" అంటూ మందపాటి సర్వపిండి, దాని మీద వెన్న ముద్ద, ఆపైన పాలూ అటుకులూ తెచ్చేది. దేవుడికి చూపించిన తర్వాత వద్దంటే అపచారం కదా! ఉపవాసాలు పెరిగిన కొద్దీ నా రవికెల కుట్లు ఊడాయి. మూడు పూటలా తినే యారాలి రవికెలు మాత్రం వదులుగానే ఉండేవి. పురాణం చెప్పే పంతులుగారు ఒకనాడు అసూయ గురించి చెబుతుంటే, పక్కింటామె కోసమే చెబుతున్నారనుకుని జాలిగా ఆమె వైపు చూశాను.

చివరికి ఇంకో దారి తోచింది. నేను తగ్గలేకపోతే ఆమె పెరగాలి. నా వంతు వెన్న, గరిజెలు, పాల మీగడ అన్నీ ఆమె పళ్ళెంలోకి తోశాను.

"తిను చెల్లె, పిల్లలు కావాలెనంటె ఒంట్ల బలముండాలె."

"మరి నీకక్కా?"

"నాకియ్యాల ఒక్కపొద్దు."

ఏ వ్రతమూ చేయని పని ఈ కుళ్ళు చేసింది. నా పళ్ళెం ఖాళీ అయ్యేసరికి నిజంగానే తగ్గడం మొదలుపెట్టాను.

తూచే రోజు వచ్చింది. నేను గాజులు, కడియాలు, నడుము వడ్డాణం అన్నీ తీసిపెట్టి, ఉన్నవాటిలో పలచని చీర కట్టుకున్నాను. మొదట యారాలు కూర్చుంది. దుకాణం హమాలీ ముద్ద మీద ముద్ద వేస్తూ, "అరె, చిన్నమ్మ మస్తు తూగుతున్నదిరా, ఇంకో ముద్ద తేండ్రి!" అని అరిచాడు. జనం నవ్వారు. నా మనసు గంతులేసింది. తర్వాత నేను కూర్చున్నాను. నా తట్ట తొందరగానే పైకి లేచింది. "పెద్దమ్మది అయిపాయె!" అన్నాడు వాడు. గెలిచినదానిలా బజారంతా కలియజూశాను.

మా అత్త మొహం మాడిపోయింది. "గిదేంది పిల్లా! మొగని పానం కోసం మొక్కిన బంగారం గింతేనా? ఆ చిన్నదాన్ని సూడు, ఎంత నిండుగ తూగిందో!"

వెనకనుంచి మా ఆయన, "నా పానం గంత సస్తగ దొరికిందా?" అన్నారు. బజారు గొల్లుమంది.

అప్పటిదాకా నాకు తట్టనే లేదు: అమ్మవారి లెక్కలో తక్కువ తూగినవాళ్ళే ఓడినట్లు! "ఆగుండ్రి!" అని లోపలికి పరుగెత్తి, నగలన్నీ వేసుకుని, పట్టుచీర చుట్టుకుని, చెంబెడు నీళ్ళు గటగటా తాగి వచ్చి మళ్ళీ కూర్చున్నాను. హమాలీ చిన్న బెల్లం గడ్డ ఒకటి వేశాడు, అంతే.

అప్పుడు యారాలు ముందుకొచ్చింది. "అక్కనేమనకు అత్తమ్మా. తన నోటికాడిది నాకు వెట్టి తను కడుపు మాడ్చుకున్నది. నా బంగారం పెద్దగ కావాలెననే గదా!" అంటూ తన కుప్పలోంచి ముద్దలు తీసి నా కుప్పలో పెట్టింది. "తోడవుట్టింది గూడ గిట్ల చెయ్యది" అని బజారంతా నన్ను మెచ్చుకుంది. అంతకంటే తిట్టినా బాగుండేది. జాతరలో అమ్మ కొలువుండే గద్దె ముందు నిలబడి, ఆ పిల్ల కడుపు పండించమని అడిగాను. పోటీ లేకుండా నేను అడిగిన మొదటి కోరిక అదేనేమో. అమ్మ విన్నది కూడా.

ఇంటికొచ్చాక ప్రసాదంతో మొదలుపెట్టి, తగ్గినదంతా మళ్ళీ కూడగట్టుకున్నాను. కుళ్ళు నన్ను కాంటా దాకా తీసుకొచ్చి అక్కడే దిగిపోయింది. ఆ తర్వాత నోరు కట్టుకోవడానికి కారణమే లేదు. మళ్ళీ పెరగకుండా తగ్గింది చాలా ఏళ్ళకు. ఎవరూ తూచేవాళ్ళు లేనప్పుడు, దేవుడిచ్చిన మోకాళ్ళను ఆయన పిలిచేదాకా నడిపించాలనిపించి, ఆకలి తీరగానే పళ్ళెం ముందు నుంచి లేవడం నేర్చుకున్నప్పుడు.

ఇప్పుడు ఇద్దరం ముసలివాళ్ళం. పొద్దున్నే స్టేషన్ దాకా నడుస్తాం. "జర జల్ది రా అక్కా!" అంటూ ఆమె ముందు పోతుంటుంది. "నీ నడక నీది, నా నడక నాది. నువ్వు పో" అంటాను పెద్దరికంగా. అని, ఆమె మలుపు తిరగ్గానే, ఎవరూ చూడటం లేదు కదా అని కొంగు బిగించి గబగబా అడుగులేస్తాను.