మద్రాసుకు ముందు పెట్టిన వాత

పుట్టుకతోనే నా ఎద నడిమధ్య గుంట. ఎవరో పిడికిలితో లోపలికి నొక్కినట్టుండేది. ఆళ్లగడ్డలో మా వీధిలో పదడుగులు పరుగెత్తితే చాలు, ఊపిరందక కూలబడేదాన్ని. అందుకని నన్నెవరూ ఆటకు పిలిచేవాళ్లు కాదు. నాకు కోపం ముక్కు మీదే ఉండేది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. నాకు పదేళ్లు. వంకర తిరిగిన మెత్తటి ఎముకలను కోసి, కుంగిన ఎదను పైకి లేపే ఆపరేషన్ మద్రాసులో కొత్తగా చేస్తున్నారని నంద్యాల డాక్టరు నాయనతో చెప్పాడు. ఆయనే ఉత్తరం రాసి తేదీ తెప్పించాడు. వెళ్లేదాకా ఒంటి మీద చిన్న పుండు కూడా ఉండకూడదని మరీ మరీ చెప్పాడు. కత్తి గురించి నాకు చింతే లేదు. రైలెక్కుతాను, తిరిగొచ్చి అందరినీ పరుగులో ఓడిస్తాను! వీధి వీధంతా చాటింపు వేశాను.

ప్రయాణానికి ముందురోజు అవ్వ, అంటే నాయన తల్లి, నన్ను వంటింట్లోకి పిలిచింది. మా వైపు పిల్లలకు ఆయాసమొస్తే కాల్చిన పసుపుకొమ్ముతో వాత పెట్టేవాళ్లు. ఇంటి మందు చేయకుండా పరాయి ఊరికి పంపడానికి ఆమెకు మనసొప్పలేదు. డాక్టరు మాట గుర్తు చేస్తే, వాత లేకుండా గడప దాటనివ్వనంది. ఎక్కడ ప్రయాణం ఆగిపోతుందోనని నేనే రవిక గుండీలు విప్పాను. గుంట పక్కనే చురుక్కుమంది. పళ్లు బిగపట్టి, నాయనకు చెప్పనని ఒట్టేశాను.

నాయన, అవ్వ, నేను బయల్దేరాం. గుంతకల్లులో రైలు మారాక కూడా నేను కిటికీ వదల్లేదు. ఎద మండుతున్నా హుషారే. వాత పెట్టిన నాలుగో రోజున మద్రాసు డాక్టరు రవిక తీయించి చూడగానే ఆ హుషారంతా నీరుగారిపోయింది. చీము పట్టిన పుండు పక్కన కోస్తే విషం లోపలికి పాకుతుందని, మానేదాకా కత్తి పట్టనని చెప్పాడు. అసలు మళ్లీ పిలుస్తారో లేదో. నాయన ముఖం చూడలేకపోయాను. అవ్వ ముందుకొచ్చి నిలబడింది.

"నేనే కాల్చినా. పాప తప్పేం ల్యా," అంది.

సత్రంలో ఇరవై రోజులున్నాం. అవ్వ రెండు పూటలా పుండు కడిగి, డాక్టరిచ్చిన మందు తప్ప మరేదీ దాని మీద పడనివ్వలేదు. పుండు మానింది. ఆపరేషన్ అయింది. కట్టు విప్పిన రోజు చదునైన నా ఎదను చూసుకుని, కుట్లు లాగుతున్నా పకపకా నవ్వాను.

ఆరు నెలలు పరుగెత్తకూడదని చెప్పి పంపారు. ఇంటికొచ్చాక వీధిలో పిల్లలు పరుగులు తీస్తుంటే చూసి ఉక్రోషం పట్టలేక ఏడుపు లంకించుకున్నాను. ఎంతకీ ఆపకపోయేసరికి నాయన కసిరాడు. అవ్వ ఆయన చెయ్యి పట్టుకుంది. ఆమె కళ్లనిండా నీళ్లు, మూతి మీద నవ్వు.

"ఏడ్వనీప్పా. ఆయాసం రాకుండా ఇంతసేపు ఎప్పుడన్నా ఏడ్చిందా ఇది?"