ఏడో నంబరు కుందేలు కన్ను

కర్నూలు పక్కన కల్లూరులో, మందులు పరీక్షించే ఒక ల్యాబులో కుందేళ్ళను చూసుకోవడం నా పని. నిరుడు అక్కడికి ఒక కంటి మందు వచ్చింది. బియ్యపు గింజ కన్నా చిన్న స్టెరాయిడ్ ముక్కను కుందేలు కుడికంట్లో పెడతారు. అది నెలల తరబడి కొంచెం కొంచెంగా మందు వదులుతుంది. దానివల్ల కంటికి హాని ఉందా అని చూడాలి. రోజూ పొద్దున కళ్ళు ఎలా ఉన్నాయో నేను చార్టులో రాయాలి.

ఒకరోజు ఏడో నంబరు కుందేలు కుడికన్ను ఎర్రబడి నీళ్ళు కారుతోంది. అదే రాశాను. కానీ చూస్తూ ఊరుకోలేకపోయాను. మా ఆత్మకూరు వైపు కన్నెర్రబడితే నందివర్ధనం పూలరసం పోస్తారు. గేటు పక్కనున్న చెట్టు పూలు కోసి రెండు చుక్కలు పిండాను.

మర్నాటికి ఎరుపు తగ్గింది. ఈ పరీక్ష చూసుకునే డాక్టరమ్మ చార్టు చూసి, "దానంతట అదే తగ్గిపోయిందే! మంచిదే" అంటూ రాయబోయింది. చెబితే ఉద్యోగం పోతుందని నాకు తెలుసు.

"నేను పూలరసం పోసినా మేడం" అన్నాను.

ఆమె పెన్ను ఆగిపోయింది.

"నొప్పి ఉంటే నాకు చెప్పాల, నేను చూస్తా కదమ్మా! రేపు మనుషుల కండ్లల్లో పెట్టే మందు ఇది. నువ్వు చెప్పకపోయింటే దానంతట అదే తగ్గిందని రాసేదాన్ని. అప్పుడు ఈ ఎరుపు ఎవరి కంట్లో తేలేది?"

ఏడో నంబరును పరీక్ష లెక్కలోంచి తీసేశారు. నన్ను మాత్రం తీసేయలేదు.

ఆ నందివర్ధనం ఇప్పటికీ విరగబూస్తోంది. నేను దాని పక్కనుంచే లోపలికి పోయి, చేతులు కడుక్కుని చార్టు తీస్తాను.