కడుపులో ఎనిమిది ఓట్లు

నా చిన్నప్పుడు మా చర్చిలో డీకన్ ఎన్నిక అంటే ఢిల్లీలో ప్రభుత్వం మారినంత సంబరం. మా ఊరు ఆదోనికీ ఎమ్మిగనూరుకూ మధ్య, ఆపాలా వద్దా అని బస్సు డ్రైవరు ఆలోచించేలోపే దాటిపోయేంతటిది. అయినా ఆ ఆదివారం లోకమంతా మా బండల మిద్దె చర్చి వైపే తిరిగి చూసిందని ప్రమాణం చేసి చెప్పగలను.

డీకన్ అంటే సంఘానికి సేవచేసే పెద్ద. పాస్టరయ్య వాక్యం చెబుతాడు. డీకన్ చర్చిని శుభ్రంగా ఉంచాలి, జబ్బు పడినవాళ్ల ఇండ్లకు పోవాలి, విందులో అందరికీ వడ్డించి చివర తినాలి. నాకు మాత్రం డీకన్ కలెక్టరు కంటే ఒక మెట్టు పైన! ఆ పిలుపు కోసం మా తాత ఇరవై ఏండ్లుగా ఎదురుచూస్తున్నాడు. ఈసారి ఎమ్మిగనూరులో తెల్ల పంచె కొని, వారం రోజులు దాన్ని తలకింద పెట్టుకునే పడుకున్నాడు.

పోటీకి దిగింది పాటలకు కంజిర వాయించే పెద్దాయన. తాతకు వరసకు బావ.

"ఓడిపోతే ఏడ్సొద్దు బావా, నా కంజిర ఇస్తాలే" అని ఆయన.

"నువ్వు గెలిస్తే మంచాన పడినోళ్లంతా నీ పాటకు జడిసి లేసి పరిగెత్తుతారులేప్పా" అని మా తాత.

సగం మందికి చదువు రాదు కాబట్టి మా దగ్గర చీటీలు ఉండేవి కావు. ఇంటికొక శెనక్కాయ, అదే ఓటు. పాస్టరయ్య గదిలో బల్ల మీద రెండు కుండలు పెట్టారు. సున్నం పూసింది తాతది, ఎర్ర జాజు పూసింది కంజిర పెద్దాయనది. ఇంటికొకరు చొప్పున తెర లోపలికి పోయి, నచ్చిన కుండలో కాయ వేసి రావాలి.

తాత గెలుపును అందరికంటే ముందు నేనే చూడాలని బల్ల కింద, దుప్పటి చాటున దూరాను. నా గుండె చర్చి గంటకంటే గట్టిగా మోగుతున్నది. గది ఖాళీ అయినప్పుడు తల ఎత్తి చూస్తే, జాజు కుండ ఎక్కువ నిండుతున్నది! నా చేయి దానంతట అదే లేచింది. అప్పుడే పెరికిన పచ్చికాయ. ఒలిచి నోట్లో వేసుకున్నాను. తాతకు మేలు, నాకు రుచి. అలా ఎనిమిది తిన్నాక, ఎవరూ చూడకుండా జారుకుని వచ్చి తాత పక్కన బుద్ధిమంతుడిలా కూర్చున్నాను.

పాస్టరయ్య అందరి ముందూ కాయలు లెక్కపెట్టాడు. తాతకు పందొమ్మిది, పెద్దాయనకు పద్నాలుగు. నేను ఎగిరిన ఎగురుకు తల మిద్దెకు తగిలిందనే ఇప్పటికీ చెబుతుంటాను. తాత పంచె సవరించుకుని లేచాడు. అంతలో పాస్టరయ్య, "నలబై ఒక్క ఇండ్లోళ్లు ఏసినారు గదా, ఇంకా ఎనిమిది కాయలు యాడికి పోయినాయప్పా?" అన్నాడు.

తాత నా వైపు చూశాడు. నా మూతి చుట్టూ కాయల ఎర్రమన్ను. వంగి నా చెవిలో, "ఏ కుండలోటివిరా?" అని అడిగాడు. నేను జాజు కుండ వైపు వేలు చూపించాను.

ఆయన నోరు మూసుకుని ఉంటే చాలు, ఎలుక తిన్నదని అందరూ సరిపెట్టుకునేవాళ్లు. ఇరవై ఏండ్ల కోరిక తీరేది. తాత పంచె కుచ్చెళ్లు గుప్పిట్లో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆ సేపట్లో ఊళ్లో ఒక పంట కోతకు వచ్చి ఉంటుంది.

"అయ్యా, ఆ ఎనిమిదీ మా బావవి. మావోడి కడుపులో ఉండాయి. గెలిసింది ఆయప్పే."

చర్చి పగిలేలా నవ్వారు. తాత నవ్వలేదు. ఇంటికి వచ్చి పంచె మడిచి పెట్టెలో పెట్టాడు. నన్ను ఒక్క మాట అనలేదు. దెబ్బలు పడి ఉంటే ఆ రోజు హాయిగా అన్నం తినేవాణ్ణి.

మరుసటి ఆదివారం కోడి కంటే ముందే నన్ను లేపి చర్చికి తీసుకుపోయాడు. ఇద్దరం ఊడ్చి, చాపలు పరుస్తుంటే కొత్త డీకన్ వచ్చి నోరు తెరిచాడు.

"ఏంది బావా, ఓడిపోయినోనికి నీకెందుకీ పని?"

"ఓట్లయితే మావోడు తినె. పనిని ఎవురు తింటారు బావా? అది ఈడనే ఉండాది గదా!" అన్నాడు తాత, చీపురు ఆపకుండానే. ఆయన ఒక్క క్షణం చూసి, నవ్వుతూ చాప రెండో కొస పట్టుకున్నాడు. అప్పుడు నవ్వాడు మా తాత, వారం తర్వాత మొదటిసారి.

నాకిప్పుడు యాభై దాటింది, ఆదోనిలో ఉంటున్నాను. నేను ఏ సంఘానికీ డీకన్‌ను కాను. నా చరిత్ర తెలిసినవాళ్లు నన్ను నిలబెట్టరు కూడా. అయినా ప్రతి ఆదివారం అందరికంటే ముందు పోయి కుర్చీలు తుడుస్తాను. మొన్న కొత్తగా చేరిన ఒకాయన తొందరగా వచ్చి, "మీరు ఈడ డీకనా అన్నా?" అని మర్యాదగా అడిగాడు.

"కాదప్పా" అని, ఆయన చేతికి ఇంకో గుడ్డ ఇచ్చాను.