కళ్లకద్దుకున్న జెండా

న్యూ లిన్ స్టేషన్‌లో రైలెక్కి కూర్చోబోతుంటే ఎదుటి సీటు పెద్దావిడ సంచికి నా కాలు తగిలింది. ఒరిగిపోయిన సంచి మీద నిలువునా ఎరుపు తెలుపు చారలు, అచ్చం మా గుడి ప్రహరీలా. మధ్యలో తాళంచెవి బొమ్మ. అలవాటుగా వంగి, తాకి, కళ్లకద్దుకున్నాను. ఆవిడ తెల్లబోయింది.

"సారీ అండీ, మా గుడి గోడకి ఇవే చారలుంటాయి" అన్నాను.

"ఇది జర్మనీలో మా రాష్ట్రం జెండా. పూర్తి పేరు ఫ్రీ హాన్సియాటిక్ సిటీ ఆఫ్ బ్రెమెన్. తాళంచెవి మా రాష్ట్ర చిహ్నం" అంది గర్వంగా. అంతలోనే నవ్వు ఆపుకుంటూ, "ఊళ్లో మాత్రం బేకన్ జెండా అంటాం. పందిమాంసం ముక్కలా చారలున్నాయని!"

జన్మలో మాంసం ముట్టనివాణ్ణి, పడీపడీ నవ్వాను.

దిగేముందు ఆవిడ సంచి ఎత్తి, నాకేసి చూస్తూ, రెండు కళ్లకీ అద్దుకుంది.