సగం కోత

ఈ ఉదయం నా నర్సరీలో పని నేర్చుకుంటున్న రత్నం, చిన్నరసం మామిడి కొమ్మ మీద చాకు ఆనించగానే సొన చిమ్మింది. ఆ ఘాటు ముక్కుకి తగిలితే చాలు, నా కాళ్ల కింద నేల మెల్లగా ఊగుతుంది. వయసు మీద పడటం వల్లనేనని డాక్టరు గారు తేల్చేశారు. పంతొమ్మిదేళ్లప్పుడూ ఇలాగే ఊగేదని ఆయనకేం తెలుసు? అప్పటికి అమ్మా నేనూ రంగూను ఓడ దిగి రెండు నెలలు కాలేదు.

బర్మాలో మనవాళ్ల దుకాణాలు అక్కడి సర్కారు లాగేసుకున్న రోజులవి. నాన్న అంతకు ముందే పోయాడు. నూజివీడు దగ్గర చాట్రాయి దారిలో ఒక మామిడితోట పక్కన మాకు తాటాకు పాకలు వేయించారు. ఊళ్లోవాళ్లకి రంగూను అంటే రంగం, మమ్మల్ని రంగంవాళ్లు అనేవారు. సహాయ సంఘం వాళ్ల ఎడ్లబండి సోమవారం సోమవారం నూజివీడు నుంచి గోధుమనూక, పాలపొడి, నూనె తెచ్చేది. ఆ వర్షాకాలమంతా నేను నిద్రలో నడిచినట్టే నడిచాను. తెల్లవారుజామున ఆకుల మీంచి నీళ్లు జారుతుంటే ఇంకా రంగూనులో ఏటి ఒడ్డునే ఉన్నామనుకునేదాన్ని. కళ్లు తెరిస్తే నెత్తి మీద తాటాకు. మళ్లీ కళ్లు మూసుకునేదాన్ని.

ఒక సోమవారం సంఘం ఆఫీసరు వచ్చి, ఇక అందరికీ అంట్ల పని నేర్పిస్తామన్నాడు. అమ్మ పాకలోకి వెళ్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. రంగూనులో ఇద్దరు పనివాళ్లను పెట్టుకున్న మనిషి, ఇప్పుడు కామందుల ఇళ్లలో అంట్లు తోమాలా అని. మామిడి అంటు అనేది ఒకటుందని మాకేం తెలుసు? ఆ పని నేర్పడానికి వచ్చిన కోటయ్య సంగతి తెలిసి చాలాసేపు నవ్వాడు. తోటల్లో కూలిపని చేస్తూనే యాభయ్యేళ్లు దాటిన మనిషి. సొన కాలిన మచ్చలతో ఆయన చేతులు నల్లగా, గరుకుగా ఉండేవి.

“తోమేది కాదమ్మా, కట్టేది,” అన్నాడు అమ్మతో.

టెంక నుంచి మొలిచిన మొక్కను కుండలో పెంచి, ఆ కుండను మంచె మీదకెత్తి మంచి చెట్టు కొమ్మ పక్కకి చేర్చాలి. మొక్కనీ కొమ్మనీ ఒకే పొడుగున చెక్కి, ఆ చెక్కులు రెండూ కలిపి అరటినారతో కట్టి, పేడమట్టి మెత్తాలి. రోజూ నీళ్లు పోస్తూ రెండు మూడు నెలలు ఆగితే రెండూ ఒకటవుతాయి. అప్పుడు తల్లిచెట్టు నుంచి కోసి వేరుచేయాలి. తోటంతా కుండలే. ముసురులో చూస్తే చెట్లన్నీ బిడ్డల్ని చంకనెత్తుకుని నిలబడ్డట్టుండేవి. నేను వాటి మధ్య గంటలు గంటలు తిరిగేదాన్ని. కోటయ్య వద్దనేవాడు కాదు.

దసరా దగ్గరపడుతుండగా ఆఫీసరు పిడుగులాంటి మాట చెప్పాడు. పండగ వెళ్లాక బండి రాదు. అంట్లు బతికించుకున్నవాళ్లకి ఇక్కడే నర్సరీ వేసుకోవడానికి చిన్న నేల ముక్క ఇస్తారు. లేనివాళ్లు ఎక్కడో దూరాన ఉన్న శిబిరానికి పోవాలి. అమ్మ ఇంకొక ప్రయాణం తట్టుకోలేదు. ఆ భయంతో నేను తెలివితక్కువ పని చేశాను. అంట్లు త్వరగా తయారైపోవాలని, నావాటిలో ఒక వరుసంతా ఎవరికీ చెప్పకుండా ఒక్క కోతకి తెగ్గోసేశాను. మూడో రోజుకి ఆకులన్నీ వేలాడిపోయాయి.

కోటయ్య తిట్టలేదు. నా పక్కన చతికిలబడి, ఎండిన మొక్కనొకటి ఒళ్లో పెట్టుకున్నాడు.

“ముందు సగమే కొయ్యాలి అమ్మాయ్. పైనుంచి వచ్చే తిండి తగ్గిందని తెలిస్తేనే అది సొంత వేరుని తడుముకుంటది. పదిహేను రోజులాగి మిగతాది కొయ్యి. అప్పుడు దానికి నొప్పి తెలవదు.”

అలా అని పాకల వైపు చూశాడు. మర్నాడు ఒక తెల్లకాగితం తెచ్చి, ఇంగ్లీషు చదువుకున్నదానివి కదా, ఆఫీసరు గారికి అర్జీ రాసిపెట్టు అన్నాడు. బండి ఒక్కసారే ఆపొద్దు, ఇప్పటి నుంచే సగం తగ్గించండి, పండగ వెళ్లాక కొన్నాళ్లాగి మిగతాది ఆపండి అని సారాంశం. ఆఫీసరు వచ్చాక కోటయ్య ఆయన్ని తోటలోకి తీసుకెళ్లి, నేను చంపుకున్న వరుసని చూపించాడు. ఆఫీసరు ఆ వాడిన ఆకులు తడిమి చూసి సరేనన్నాడు.

వెళ్తూ వెళ్తూ కోటయ్య నా దగ్గర మాట తీసుకున్నాడు. “ఈ అర్జీ సంగతి ఎవరితోటీ అనమాక. సగం పోయిందని కోపం రానీ. కోపమొచ్చినోళ్ల చేతులు ఊరికే ఉండవు.”

కోపం బాగానే వచ్చింది. బండి మొత్తం ఆగాల్సిందని తెలిసీ, ఆ సోమవారం సగం నూకే దిగేసరికి అది గుర్తుంచుకున్నవాళ్లు లేరు. ఆఫీసరుని తోటలోకి తీసుకెళ్లడం చూశారు గనుక, పండగ రాకముందే మన నోటి దగ్గరి కూడు తీయించాడని కోటయ్యనే తిట్టిపోశారు. రోజూ మధ్యాహ్నం ఆయనకి మజ్జిగ పోసే అమ్మ కూడా ఆయన్ని చూసి చెంబు వెనక్కి పెట్టేసింది. ఆయన మొక్కలకి తెచ్చిన నీళ్లే దోసిట్లో పట్టి తాగాడు. నేను చూస్తూ ఊరుకున్నాను. ఇచ్చిన మాట కోసమేనని ఇన్నాళ్లూ చెప్పుకున్నాను గాని, అర్జీ రాసింది నేనని తెలిస్తే నన్నూ వెలేస్తారన్న పిరికితనమే ఎక్కువ. అందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఆ కోపంతోనే పాకల చుట్టూ గోంగూర, బెండ మొలిచాయి. కొందరు చేలకి కూలికి పోయారు. అమ్మ ఊళ్లో ఆడవాళ్లకి రంగూను పద్ధతి రవికలు కుట్టడం మొదలుపెట్టింది. నాకు మిగిలిన అంట్లు చిగురు వేశాయి. దసరా ఎప్పుడు వెళ్లిపోయిందో కూడా తెలియలేదు. ఒక గురువారం సూదిలో దారం ఎక్కిస్తూ అమ్మ ఆగింది.

“ఏమే, సోమవారం బండి రాలేదు కదూ?”

పాకల్లో ఎవరినడిగినా అప్పుడే గుర్తొచ్చినట్టు మొహాలు చూసుకున్నారు. ఇక నావల్ల కాక, అమ్మకి అంతా చెప్పేశాను. అమ్మ సూది గుడ్డకి గుచ్చి లేచింది. చెంబు నిండా మజ్జిగ కలిపి తోటలోకి నడిచింది. అన్నాళ్లూ ఆయన్ని ఏమయ్యా, ఓయ్ అని పిలిచిన మనిషి, మంచె కింద నిలబడి రెండు చేతులతో చెంబు చాపింది.

“తీసుకోండి అన్నయ్యగారూ.”

కోటయ్య చాకు పక్కన పెట్టి, సగం తాగి, చెంబు తిరిగిచ్చాడు. “సగం చాలమ్మా,” అని నవ్వాడు. అమ్మ ఏడ్చింది. ఈసారి కొంగు అడ్డం పెట్టుకోలేదు.

కోటయ్య పోయి చాలా ఏళ్లయింది. ఆయన అంటు కట్టిన చెట్టు నుంచే రత్నం ఈ ఉదయం కొమ్మ కోసింది. నిరుడు భర్త పోయాక ఇద్దరు పిల్లలతో నా దగ్గరికొచ్చింది. పని నేర్చుకునేదాకా అని నెలనెలా వాళ్లింటికి బియ్యం పంపిస్తున్నాను. ఇప్పుడు దాని చేతిలో పది అంట్లకి తొమ్మిది బతుకుతున్నాయి. ఈ నెల సగం బియ్యమే పంపాను. ఇందాక అందరికీ మజ్జిగ పోస్తూ వచ్చి, నా దగ్గర ఆగకుండా వెళ్లిపోయింది.

పోనీ. నేను లేచి, మొక్కలకి తెచ్చిన నీళ్లే దోసిట్లో ముంచుకున్నాను.