ఆనకట్ట మీద వడియాలు

నూనెలో బూడిదగుమ్మడి వడియం పొంగి, ఇంగువ వాసన వీధి అరుగు దాకా వచ్చిందంటే చాలు, నాకిప్పటికీ అరికాళ్లు చురుక్కుమంటాయి. మా ఊరి కాలువకు అడ్డంగా చిన్న కాంక్రీటు ఆనకట్ట ఉండేది. పక్కనే పవర్‌హౌస్‌లో తిరిగే టర్బైన్ మాకు కరెంటు ఇచ్చేది, ఆనకట్ట వెనక నిలిచిన నీళ్లు తూములోంచి మంచినీళ్ల చెరువుకు వచ్చేవి. ఎండలు ముదిరితే దాని మీది సన్నటి నడవ పెనంలా కాలేది గనక, ఊళ్లో ఆడవాళ్లు మనిషి నడిచేంత దారి వదిలి, అంచున పాత చీరలు పరిచి వడియాలు పెట్టేవారు. కాకుల్ని తోలే పని పిల్లలది, పచ్చిపిండి దొంగిలించి నాకే పనీ మాదే.

నేను ఐదో క్లాసులో ఉన్న ఏడాది, రెండో పంట దాళ్వా చేలకే నీళ్లు చాలక కాలువ బక్కచిక్కింది. టర్బైన్ తిరుగుతుంటే తూముకు నీళ్లందడం లేదు. రేపోమాపో వేసవికి కాలువ కట్టేస్తారు, చెరువు చూస్తే సగం కూడా నిండలేదు, మళ్లీ కాలువ వదిలేదాకా ఊరంతా తాగాల్సింది ఆ నీళ్లే. నాన్నగారి అమ్మ, మా మామ్మ, ఆపరేటరు సత్తిబాబు దగ్గరికి వెళ్లింది.

“టర్బైన్ ఆపితే కరెంటు పోద్దండి మామ్మగారూ. పైనుంచి ఆర్డరు లేకుండా నేనాపలేనండి.”

“కరెంటు పోతే విసనకర్రుందిరా. నీళ్లు పోతే ఏముంది?”

మర్నాడు పొద్దున్నే సత్తిబాబు రోజూలాగే టర్బైన్‌కు నీళ్లొదిలే తలుపు మూసి, అడ్డుపడిన గుర్రపుడెక్క లాగుతున్నాడు. మళ్లీ తెరవాలంటే నడవ మీదుగా అవతలి కొసకు వెళ్లి చక్రం తిప్పాలి. అతను ఇవతల వంగి ఉండగానే మామ్మా మా వీధి ఆడవాళ్లూ నడవ పొడుగునా, ఈసారి కాలు పెట్టే చోటు లేకుండా, వడియాలు పెట్టేశారు. ఆరుతున్న వడియాల్ని తొక్కే పాపిష్టివాడు మా ఊళ్లో పుట్టలేదు.

ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. “వెళ్లడానికి దారి లేదండి,” అన్నాడు సత్తిబాబు. కాసేపు విని, “వడియాలండి,” అన్నాడు.

సాయంత్రం ఎత్తెయ్యమంటే, పచ్చివి విరుగుతాయంది మామ్మ. టీవీలో మ్యాచ్ పోయిందని విసుక్కున్న నాన్నగారి చేతికే విసనకర్ర ఇచ్చింది. ఉక్కకు మేం ఏడ్చినా కరగలేదు. తాటాకు గొడుగు కింద కూర్చుని, చెరువులోకి దూకే నీళ్ల చప్పుడు వింటూ ఉండిపోయింది. చెరువు పైమెట్టు మునిగాకే నడవ మీద పరిచిన చీర అంచు ఎత్తి, “ఇక వెళ్లి తిప్పుకోరా,” అంది. అంత మొండిమనిషిని నేను మళ్లీ చూడలేదు.

మామ్మ ఇప్పుడు లేదు. ఆనకట్ట తలుపులకు మోటార్లొచ్చాయి, నడవకు తాళం పడింది, నీళ్లు టిన్నుల్లో కొనుక్కుంటున్నాం. ఇక చెరువెందుకు, పూడ్చేసి షాపులు కడదామంటున్నారు. సోమవారం మట్టి ట్రాక్టర్లు వస్తాయట. చెరువు గట్టు మీదికి ట్రాక్టరు పట్టే దారి ఒక్కటే ఉంది. నాలుగు పాత చీరలు పరిస్తే చాలు. గుమ్మడికాయలు తెప్పించాను, మినప్పప్పు నానబోశాను.